కొలవని దీపం

పూజలో పెట్టిన బొట్టును మర్నాడు తుడిచెయ్యవచ్చా, కూడదా అన్న అనుమానం భీమేశ్వరరావుకు తొమ్మిదేళ్ళుగా ఉంది. పువ్వుల సంగతి అందరికీ తెలిసిందే. వాడినవి తీసి చెట్టు మొదట్లో వేస్తాం. అక్షతలు దులిపేస్తాం. మరి బొట్టు? ఒకసారి పురోహితుణ్ణి ఆపి అడిగాడు. ఆయన వేరే ఇంటికి వెళ్ళే తొందరలో ఉన్నాడు. "బొట్టుని మనం చెరపడమేంటండీ, దానంతటదే పోద్ది" అని స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. భీమేశ్వరరావు ఆ మాటే పట్టుకున్నాడు. పట్టుకున్నాడే గాని అది మనసులో పూర్తిగా కుదురుకోలేదు.

అతను కాకినాడలో ఒక కాంతి కొలతల ప్రయోగశాలలో పనిచేస్తున్నాడు. చదివింది ఐటీఐ. పళ్ళ డాక్టర్ల దగ్గర, పంటిలో నింపిన పూతను గట్టిపరచడానికి నీలిరంగు లైటు ఒకటి ఉంటుంది. క్యూరింగ్ లైటు అంటారు. ఆ లైట్లు ఎంత వెలుగు ఇస్తున్నాయో ఏడాదికోసారి ఊరూరా తిరిగి కొలిచి రావడం అతని ఉద్యోగం. చేతిలో మీటరు, సంచిలో రిజిస్టరు. ముల్లు వెయ్యి దగ్గర నిలబడితే లైటు మంచిది. తొమ్మిది వందలకు దిగితే ఎర్రచీటీ అంటించి, బాగు చేయించేదాకా వాడవద్దని చెప్పి వస్తాడు.

పాత పూతల కాలంలో ఈ కొలతను ఎవరూ అంతగా పట్టించుకోలేదు. మౌనం వచ్చాక పట్టించుకోవలసి వచ్చింది. మౌనం అన్నది కొత్త పూత పేరు. పుచ్చు ఎంత లోతున ఉన్నా నరం తీయనక్కరలేదు, పన్ను పీకనక్కరలేదు. పూత నింపి ఇరవై సెకన్లు నీలిలైటు పడితే చాలు. పూతలోని మందు పంటి నరాన్ని జోకొట్టి నిద్రపుచ్చుతుంది. లైటు తగలగానే పూత రాయిలా బిగిసి, మిగిలిన మందును తనలోనే బంధించేస్తుంది. పన్ను ఉంటుంది, పోటు ఉండదు. పెళ్ళిపందిళ్ళలో కూడా ఆడవాళ్ళు చెంప చూపించుకుంటూ "నేను మౌనం పెట్టించేసుకున్నానమ్మా" అని చెప్పుకొనే రోజులు అవి.

ఊళ్ళ మీద తిరిగే మీటరు నిజం చెబుతోందని చెప్పడానికి దానికంటే పెద్దది ఒకటి ఉండాలి. ప్రయోగశాలలో నల్లపెట్టెలో ఉండే దీపం అదే. దాన్ని అందరూ పెద్దదీపం అనేవారు. అది కచ్చితంగా వెయ్యి ఇస్తుందని కాగితం ఉంది. ఏడాదికోసారి దాన్ని వెలిగించి, మీటరును ఎదురుగా పెట్టి, ముల్లు వెయ్యి మీదికి వచ్చేదాకా స్క్రూ తిప్పాలి. ఆ పని ఏ రోజు చేద్దామని మొదటి ఏడాది అడిగినప్పుడు భీమేశ్వరరావే విజయదశమి అన్నాడు. ఏ పని మొదలుపెట్టినా కలిసివచ్చే రోజు కదా. సెలవైనా సరే, తలంటుకుని వచ్చి చేసేవాడు. ముందురోజు ఆయుధపూజలో పెద్దదీపానికి పసుపు రాసి కుంకుమ పెట్టేవాడు. వెలుగు బయటికి వచ్చే చోట పాలరంగు పలక ఒకటి, రూపాయి బిళ్ళంత ఉంటుంది. బొట్టు పెట్టడానికి దాన్ని మించిన నుదురు ఏముంటుంది?

మర్నాడు పొడిగుడ్డతో పైపైన దులిపేవాడు. అంతకంటే చెయ్యి వచ్చేది కాదు.

అతని భార్య పేరు మాణిక్యాంబ. ఇద్దరివీ ద్రాక్షారామంలో దేవుడి పేరూ అమ్మవారి పేరూ కావడంతో, పెళ్ళినాడు పీటల మీద కూర్చోబెట్టి "ఇహ వీళ్ళకి వేరే గుడెందుకండీ" అని నవ్విన వాళ్ళున్నారు. ఆ ఇంట్లో దేవుడికి పెట్టకముందు ఎవరూ ఏదీ నోట వేసుకోరు. వండేవాళ్ళు ఉప్పు చూడరు. పెట్టాక అది ప్రసాదం. ప్రసాదానికి ఎవరూ వంక పెట్టరు. పులిహోరలో రెండేళ్ళుగా ఒక శుక్రవారం ఉప్పు ఎక్కువ, ఒక శుక్రవారం అసలు లేదు. భీమేశ్వరరావు కళ్ళకద్దుకుని తినేవాడు.

ఆ శుక్రవారం కూడా తింటూ తల ఎత్తి చూసేసరికి, ఎదురుగా కూర్చున్న మాణిక్యాంబ పెదవి నుంచి రక్తం కారి గడ్డం దాకా వచ్చింది. ఆమె తింటూనే ఉంది.

"మాణిక్యం, నోట్లో రక్తం."

"ఎక్కడండీ?" అని కుడివైపు తడుముకుంది.

"ఇటు కాదు, ఎడమపక్క."

ఆమె పమిట చెంగుతో తుడుచుకుని చూసుకుంది. "కొరుక్కున్నానేమో. తెలీలేదు."

"ఇంత రక్తం వస్తుంటే తెలీకపోవడమేంటి?"

"రెండేళ్ళయిందండి. ముందు పెదవికి వచ్చింది. తరవాత నాలిక ఓపక్క. మొన్న సంకురేతిరి ఎల్లాక చెంపకి వచ్చింది." పాలవాడు ఏ వేళకు వస్తాడో చెబుతున్నట్టు చెప్పింది. "ఇప్పుడు కుడిపక్కే మిగిలింది. అదీ అంచున కాస్త మొద్దుబారతంది."

"నాకు చెప్పలేదేం?"

"నొప్పుంటే చెప్పేదాన్నండి. నొప్పి లేదుగా."

"మరి ఉప్పు?"

"చేతి లెక్కన వేసేస్తన్నాను. మీరేమీ అన్లేదు, బాగానే కుదురుతుందనుకున్నాను."

"ప్రసాదం కదా, ఏమంటాను?"

"ఆయ్. అదీ నిజమే" అని ఆమె విస్తరి మడిచింది.

ఆ సోమవారం ప్రయోగశాలలో పెద్ద అధికారి ఫిలోమినా గారు అతన్ని పిలిచారు. ఆమె బల్ల మీద ఉత్తరాలు దొంతరగా ఉన్నాయి. పది పన్నెండు ఊళ్ళ నుంచి వచ్చాయి. ఒక పెద్దాయన మరిగే గంజి తాగి నోరంతా కాల్చుకున్నాడు, బొబ్బలు చూసి పక్కవాళ్ళు చెప్పేదాకా తెలియలేదు. ఒక తల్లి, తన పసివాడు చెంప మీద ముద్దు పెట్టుకుంటే కళ్ళతో చూసి తెలుసుకుంటోందట. అందరూ మౌనం పెట్టించుకున్నవాళ్ళే.

"పైన గట్టిపడి అడుగున పచ్చిగా ఉండిపోయింది రావుగారూ" అన్నారామె. "అడుగున బంధం పడని మందు కొంచెం కొంచెం కారతంది. పంటి నించి దవడకి, దవడ నించి పెదవికి. వెలుగు చాలలేదు."

"చాలకపోవడమేంటండీ మేడమ్? లైట్లన్నీ నేను కొలిచినవేగా?"

"అందుకే పిలిచాను. మీటరు మీద అనుమానముందా మీకు?"

"పెద్దదీపంతో సరిచూసిందేనండి."

 ఆమె అతని ముఖంలోకి కాకుండా గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ ఉండిపోయారు.

ఇంటికి వచ్చేసరికి మాణిక్యాంబ డాబా మీద బట్టలు తీస్తోంది. గడపకు పసుపు రాసినప్పుడు చెయ్యి తుడుచుకున్న అతని తువ్వాలు ఆమె భుజం మీద ఉంది. మరక ఎక్కడా లేదు.

"దేంతో ఉతికావు?"

"ఉతికితే పోలేదండి, మూడుసార్లు ఉతికాను. ఎండలో పడేశాను, అంతే. పసుపు మరకని ఎండ తినేస్తదండి. నీడనున్నదయితే ఎన్నేళ్ళయినా కదల్దు."

భీమేశ్వరరావు ఆ తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. నల్లపెట్టె ఎప్పుడూ మూసే ఉంటుంది. అది ఉన్న గదికి కిటికీ లేదు. పెద్దదీపాన్ని ఏడాదికి అయిదు నిమిషాలకు మించి వెలిగించరు.

"కాఫీ ఇమ్మంటారా?" అని ఆమె అడిగింది. అతను తువ్వాలును వెలుగుకు ఎత్తి చూస్తున్నాడు.

మర్నాడు అందరికంటే ముందు వెళ్ళి పెట్టె తెరిచాడు. టార్చి వేసి చూశాడు. కుంకుమ రాలిపోయి ఎర్రటి నలుసులుగా మిగిలింది. దాని కింద గుడ్డు సొనలాంటి పచ్చటి గుండ్రం. చేతులు జోడించాడు, అలవాటు కొద్దీ. ఆ తరువాత పలక విప్పి, స్పిరిట్లో దూదిని ముంచి తుడిచాడు. దూది పచ్చబడింది. పలక ఇంకా పచ్చగానే ఉంది. వరండాలోకి తెచ్చి పిట్టగోడ మీద ఎండలో పెట్టి, పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. తప్పు చేస్తున్నానేమో అన్న బెరుకు వస్తుందని ఎదురు చూశాడు. రాలేదు. ఏమీ రాలేదు. మధ్యాహ్నానికి పలక పాలరంగుకు తిరిగింది.

మళ్ళీ బిగించి, దీపం వెలిగించి, మీటరు ఎదురుగా పెట్టాడు. ముల్లు వెయ్యి దాటి, ఆగకుండా వెళ్ళి పదహారు వందల అరవై దగ్గర నిలిచింది.

అతను చాలాసేపటి నుంచి కూర్చున్నాడని ఎవరో చెప్పినట్టున్నారు, ఫిలోమినా గారు వచ్చి వెనకాల నిలబడ్డారు. ముల్లును చూశారు.

"పసుపు నీలాన్ని మింగేస్తది" అన్నారు నెమ్మదిగా. "దీపం వెయ్యి ఇచ్చినా బయటికి ఆరొందలే వచ్చేది. మనం ఆ ఆరొందల్ని వెయ్యి అనుకుని స్క్రూ తిప్పాం. ఆరొందల లైటున్న డాక్టరు దగ్గరల్లా మీటరు వెయ్యి చూపించింది."

"నాకు తెలీదండి మేడమ్. పువ్వు పెట్టినట్టే పెట్టాను."

"నాకు తెలుసు."

అతను వెనక్కి తిరిగాడు.

"నేను చదువుకున్నదే అది కదండీ. మొదటి దసరాకే చూశాను. మీరంతా స్నానాలు చేసి కొత్తబట్టలు కట్టుకుని వచ్చారు. నేను చర్చికి పోయేదాన్ని. నోరు తెరిచి బొట్టు తుడవమంటే వేరేగా ఉంటదని ఊరుకున్నాను. కొలిచేముందు మీరే తుడుస్తార్లే అనుకున్నాను. మరుసటేడు అడగబోయి, మీరు ప్రసాదం చేతిలో పెడితే తిని ఎల్లిపోయాను."

"చెప్పుంటే తుడిచేసేవాణ్ణండి."

"తెలుసు రావుగారూ."

దేవుడికి చేసినది దేవుడి కోసమేనా, తన తృప్తి కోసమా అని అతనికి ఒక ప్రశ్న వచ్చింది. ఆ గదిలో దాన్ని అడగడానికి ఎవరూ లేరు. ఇద్దరూ దీపం ఆర్పేసి బయటికి వచ్చారు.

ఆ తరువాతి మూడు వారాలు ఎలా గడిచాయో అతనికి సరిగా గుర్తు లేదు. ఫిలోమినా గారు జరిగింది జరిగినట్టు పైకి రాశారు. ఇద్దరి మీదా విచారణ పడింది. మౌనం కనిపెట్టినవాళ్ళు వచ్చి, పీకిన పళ్ళలో పూత నింపి, తక్కువ వెలుగుతో గట్టిపరిచి, మళ్ళీ వెలుగు వేసి చూశారు. తేలింది ఇది: అడుగున పచ్చిగా ఉన్న పూతను ఇప్పటికీ బిగించవచ్చు. అప్పుడు తగ్గిన వెలుగెంతో సరిగ్గా అంతే వెయ్యాలి. తక్కువైతే మందు కారుతూనే ఉంటుంది. ఎక్కువైతే మందు విరిగిపోయి మిగిలిన నరాన్ని కూడా ఒక్కసారే చంపేస్తుంది. స్పర్శ పోయిన మేర పోయినట్టే. వేలెడు మేర మిగిలినా ఆ వేలెడూ నిలబడుతుంది.

"అదృష్టమేంటంటే మీ రిజిస్టరు" అన్నారు ఫిలోమినా గారు. "తప్పు తప్పే గాని అన్నిట్లో ఒకటే తప్పు. మొదటేడు పడిన మరకే మొత్తం మింగింది, తరవాతవి దాని మీదే పడ్డాయి. మీరు రాసిన ఏ అంకెలోనైనా పదింట ఆరు వంతులు తీసుకుంటే అసలు అంకె. అక్కడి నించి ఎవరికెన్ని సెకన్లో లెక్క కట్టచ్చు. చాలామందికి ఎనిమిది సెకన్లు సరిపోద్ది."

నాలుగు వేలమంది పైచిలుకు. లెక్క కట్టి, ఒక్కొక్క డాక్టరుకు ఉత్తరాలు రాశారు. కవర్లు అతికించే పని భీమేశ్వరరావు అడిగి తీసుకున్నాడు. నాలుగో రోజున, చిరునామాల కోసం రిజిస్టరు తిప్పుతుంటే, ఆ ఊరి పేజీ వచ్చింది. పెదగరువులంక, డాక్టర్ నూకరాజు. మాణిక్యాంబ పంటికి మౌనం పెట్టించుకుంది అక్కడే, పుట్టింటికి వెళ్ళినప్పుడు. ఆరేళ్ళ కిందటి వరస. తన రాతే. వెయ్యి.

అతను ఆ పేజీ దగ్గర ఆగిపోయాడు. ఆ సాయంత్రం పేజీని చించకుండా రిజిస్టరునే ఇంటికి తెచ్చాడు.

మాణిక్యాంబ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అతను పీట వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"నీకెన్ని సెకన్లో తెలియదు."

"అందరికీ ఎనిమిదన్నారుగా?"

"అందరివీ కొలిచాను. మీ లంకలోది కొలవలేదు. ఆ రోజు గాలివాన. గోదావరి దాటించే సాయంత్రం పంటు తప్పితే రాత్రి అక్కడే ఉండిపోవాలి. కార్తీక సోమవారం, ఇంట్లో దీపం పెట్టాలి. రేవు దగ్గర టీ కొట్లో కూర్చుని ముందేడాది అంకె చూసి రాసేశాను. వెయ్యి అని."

ఆమె చేట ఆపింది. "తరవాత పది రోజులకేగా నేనెల్లింది."

"అవును."

"ఫోన్ చేసి అడిగాను. డాక్టరుగారి లైటు మంచిదేనాండీ అని."

"అడిగావు."

"'నేనే చూశాను, బాగుంది' అన్నారు."

"అన్నాను."

ఆమె ఏడుస్తుందేమో, అరుస్తుందేమో అనుకున్నాడు. ఆమె బియ్యంలోకి చూస్తూ ఉంది. కాసేపటికి ఒక రాయి తీసి పక్కన పెట్టింది.

"ఇంత తప్పుడు మీటరుతో ఊరందరివీ కొలిచి, సొంత పెళ్ళాందొక్కటీ కొలవలేదు" అంది. కోపం లేదు ఆ మాటలో. ఎడమ పెదవి కదలక మాట ఒకపక్కకు జారింది. "సరే, ఎనిమిదే వేయించండి."

"తక్కువైతే లాభం లేదు. ఎక్కువైతే ఉన్నది కూడా పోతుంది. గుడ్డిగా వెయ్యకూడదు."

"మరేం చేద్దామంటారు?"

"ఆ లైటు ఇంకా ఉందేమో చూద్దాం."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ రేవుకు వెళ్ళారు. పంటు మీద మోటారు సైకిళ్ళు, అరటిగెలలు, ఒక గేదె ఉన్నాయి. గోదావరి నిదానంగా ఉంది. సంచిలో సరిచేసిన మీటరూ, కచ్చితంగా వెయ్యి ఇచ్చే కొత్త లైటూ, రిజిస్టరూ ఉన్నాయి. మాణిక్యాంబ కుడి పెదవిని వేలితో అదే పనిగా నొక్కుకుంటూ కూర్చుంది, ఉందో లేదో చూసుకుంటున్నట్టు.

నూకరాజు గారికి డెబ్భై దాటాయి. దవాఖానా నడిపిన ముందుగదిలో ఇప్పుడు కొబ్బరికాయల రాశి. రాశి వెనకాల పళ్ళ కుర్చీ, దాని మీద దుప్పటి. ఆయన కళ్ళజోడు సవరించుకుని గొంతు బట్టి గుర్తుపట్టారు.

"భీమేశ్వర్రావుగారేనా అండీ? మా లంక ఆడపడుచు కూడా వచ్చిందే! కూర్చోండి, కూర్చోండి. ఆరేళ్ళ కింద వత్తానని కబురెట్టారు. లైటు తుడిచి, టీ పెట్టించి, దీపాలేళ దాకా వాకిట్లోనే కూర్చున్నానండి. రాపోతిరి."

"రాలేదండి. ఒక కొలత బాకీ పడిపోయాను మీకు."

"ఇప్పుడు తీరుత్తారేంటి కొంపదీసి?" అని ఆయన నవ్వారు. ఇద్దరూ నవ్వకపోవడం చూసి ఆపేశారు. భీమేశ్వరరావు జరిగినదంతా చెప్పాడు. ఏదీ దాచలేదు.

 నూకరాజు గారు లేచి గోడకున్న అలమారా తెరిచి, పాత పంచెగుడ్డలో చుట్టిన లైటు తెచ్చారు. తీగ ఉన్న పాతరకం.

"ఈ అమ్మాయికి వేసిందే ఆఖరండి. తరవాత వారానికే నాకు కళ్ళ ఆపరేషను. మళ్ళీ కుర్చీలో ఎవర్నీ కూర్చోబెట్లేదు, దీన్ని ఎలిగించనూలేదు. ఆ రోజెలా ఉందో ఇవాళా అలాగే ఉంటది. ఇరవై సెకన్లు లెక్కెట్టి వేశాను, అందులో తేడా లేదు."

భీమేశ్వరరావు ప్లగ్గు పెట్టాడు. నీలివెలుగు పడింది. కంటికి బాగానే ఉంది; కంటికి అన్నీ బాగానే ఉంటాయి. మీటరు ఆనించాడు. మూడు వందల యాభై. ఆర్పి, రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ. మూడు వందల యాభై. మూడోసారీ అంతే.

లెక్క పెద్దదేమీ కాదు. వెయ్యి చొప్పున ఇరవై సెకన్లకు ఇరవై వేలు పడాలి, మూడు వందల యాభై చొప్పున ఏడు వేలే పడింది. పదమూడు సెకన్లు. ఎనిమిదితో సరిపెట్టి ఉంటే మందు కారుతూనే ఉండేది.

ఆ లెక్క పక్కనే ఇంకో లెక్క కూడా తేలింది. ఆ రోజు కొలిచి ఉంటే ఆ తప్పుడు మీటరు కూడా అయిదు వందల ఎనభై మూడు చూపించేది. ఎర్రచీటీ అంటించి వచ్చేవాడు. ఇక్కడ ఎవరికీ మౌనం పెట్టేవారు కాదు. పసుపుకు ఇందులో పాత్రే లేదు. అది అతను పైకి అనలేదు. మాణిక్యాంబ రిజిస్టరు వైపు చూసి, అతని వైపు చూసింది. ఆమెకూ లెక్కలు వచ్చు.

ఫిలోమినా గారికి ఫోన్ చేసి అంకె చెప్పాడు. ఆమె రెండుసార్లు కట్టి చూసుకుని, "పదమూడు. ఒక్కటి కూడా ఎక్కువొద్దు" అన్నారు.

"నేను పడతానండి" అన్నారు నూకరాజు గారు. "కళ్ళు లేవు గాని చెయ్యి ఎక్కడికీ పోలేదు. పన్ను వేలికి తెలుత్తది. మీరు సెకన్లు చెప్పండి."

కుర్చీ మీది దుప్పటి తీశారు. మాణిక్యాంబ కొంగు నడుముకు దోపుకుని ఎక్కి కూర్చుని నోరు తెరిచింది. డాక్టరుగారు వేలితో దంతాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి ఒకదాని దగ్గర ఆగి, కొత్త లైటు ఆనించారు. భీమేశ్వరరావు గడియారం చూస్తూ పైకి లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. జపంలో అతను ఎప్పుడూ లెక్క తప్పలేదు. ఇప్పుడు మాత్రం గడియారం ముల్లు మీద వేలు ఆనించి ఒక్కొక్క అంకే చెప్పాడు.  పదమూడు అనగానే వెలుగు ఆరింది.

"ఏవన్నా తెలిసిందా అమ్మా?" అని డాక్టరుగారు అడిగారు.

"ఏం తెలీలేదండి."

ఆయన ఒక దూదిపుల్ల తీసి ఆమె పెదవి మీద ఎడమ నుంచి కుడికి మెల్లగా నడిపించారు. మధ్య దాటాక, అంచుకు బాగా దగ్గరగా, ఆమె కనురెప్ప కదిలింది.

"ఇక్కడ తెలుత్తంది" అంది. "నిన్నటి మల్లేనే ఉంది."

ఇంట్లోంచి ఎవరో టీ తెచ్చి పెట్టారు. ఆమె గ్లాసును చేత్తో పట్టుకుని వేడి చూసుకుని, కుడివైపు నుంచి కొంచెం కొంచెంగా తాగింది.

భీమేశ్వరరావు రిజిస్టరు తెరిచి కుర్చీ చేతి మీద ఆనించాడు. వెయ్యి మీద అడ్డంగా ఒక గీత గీశాడు. పక్కన మూడు వందల యాభై అని అంకెల్లో రాసి, కింద అక్షరాల్లో కూడా రాశాడు. ఆ రోజు తేదీ వేసి సంతకం పెట్టి కలం అందించాడు. నూకరాజు గారు పుస్తకాన్ని కళ్ళకు ఆనేంత దగ్గరగా తెచ్చుకుని, గడి ఎక్కడుందో వేలితో వెతుక్కుని, తన సంతకం చేశారు.